అవులోస్ పిల్లనగ్రోవి కాదు

ప్రాచీన గ్రీకుల ‘అవులోస్’ను తరచూ వేణువు అని రాసేస్తుంటారు. తప్పు. వేణువులో గాలి కన్నం అంచుకు తగిలి పలుకుతుంది. అవులోస్‌కు మన సన్నాయికి ఉన్నట్టే పీక ఉంటుంది. పైగా గొట్టాలు రెండు, చేతికొకటి. రెండూ ఒకేసారి నోట పెట్టుకుని ఊదాలి. బుగ్గలకు ఆసరాగా ముఖానికి తోలుపట్టీ కట్టుకునేవారు. ఆనాటి కుండల మీది బొమ్మల్లో ఆ పట్టీ ఇప్పటికీ కనిపిస్తుంది.

పీకలకు పేరున్న రెల్లు బియోషియాలోని కోపైస్ సరస్సుది. ఆ రెల్లు గురించి థియోఫ్రాస్టస్ తన వృక్షశాస్త్ర గ్రంథంలో పనివాడి దగ్గర కూర్చుని చూసినట్టే రాశాడు. జంట పీకలు రెండింటినీ ఒకే కణుపు నుంచి కోయాలి, లేకపోతే శ్రుతి కలవదు. వేరు వైపు ముక్క ఎడమచేతి గొట్టానికి, చిగురు వైపుది కుడిచేతి గొట్టానికి. ప్లేటో తన ‘రిపబ్లిక్’లోని ఆదర్శ నగరంలోకి ఈ వాద్యాన్ని రానివ్వలేదు, లైర్, కితారా అనే తంత్రీవాద్యాలు చాలన్నాడు. ఆయన ఊరు ఏథెన్స్‌లో మాత్రం అవులోస్ లేనిదే విషాద నాటకం ఆడేది కాదు, యుద్ధనౌకలో తెడ్లు లయ తప్పేవి.

ఇక సిద్ధాంతం. తీగలో సగమే మోగిస్తే పై షడ్జమం, మూడింట రెండు వంతులు మోగిస్తే పంచమం, నాలుగింట మూడు వంతులైతే మధ్యమం. పైథాగరస్ శిష్యులు సంగీతాన్ని ఈ లెక్కల్లోనే చూశారు. వీణ ఉన్నవారు ఇంట్లోనే కొలిచి చూడొచ్చు.

గ్రీకులు స్వరాలను నాలుగేసి చొప్పున కట్టేవారు. మన సప్తస్వరాల్లో స, ప ఎలా కదలవో, ఆ నాలుగింట్లో మొదటిదీ చివరిదీ అలా కదలవు. మధ్యవి మాత్రం జరుగుతాయి. అవి ఎక్కడ నిలిచాయన్నదాన్ని బట్టి మూడు జాతులు. వాటిలో ఎన్‌హార్మోనిక్ చిత్రమైనది: కింది మూడు స్వరాల మధ్య పావు స్వరమంత ఎడమే, ఆ పైన ఒక్కసారిగా పెద్ద ఖాళీ. పియానో మెట్ల మీద అది దొరకదు.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో తారెంటం ఊరివాడు అరిస్టాక్సెనస్ లెక్కలవాళ్లకు అడ్డు తగిలాడు. స్వరానికి తీర్పరి చెవి, భిన్నాలు కావన్నాడు. అతనూ థియోఫ్రాస్టస్ లాగే అరిస్టాటిల్ శిష్యుడు. గురువు తర్వాత పీఠం థియోఫ్రాస్టస్‌కు దక్కిందని అలిగాడంటారు. అలక సంగతెలా ఉన్నా, ఈ వాదంలో నా ఓటు అతనికే. పావు స్వరాన్ని పలికించే వాద్యగాడు కొలబద్ద చూసుకుంటూ ఊదడు.

ఇదంతా ఎలా వినిపించేదో తెలియాలంటే సెయికిలోస్ రాయి చూడాలి. 1883లో ఇప్పటి టర్కీలోని ఐదిన్ దగ్గర బయటపడిన సమాధి స్తంభమది. పాట అక్షరాల పైనే స్వరాల గుర్తులు చెక్కి ఉన్నాయి. తర్వాత ఎవరో దాన్ని పూలకుండీకి పీటగా వాడుకోవడానికి అడుగు అరగదీశారు, ఒక పంక్తి పోయింది. పాట మాత్రం మొత్తం మిగిలింది. రాయి ఇప్పుడు కోపెన్‌హాగన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది.