గణిత సమస్య – తెలుగు వాక్యం: ఒలింపియాడ్ ప్రశ్నల భాషాపరిశీలన

వ్యాససంగ్రహం:
ఉన్నత పాఠశాల విద్యార్థులకు నిర్వహించే గణిత పోటీల్లో బీజగణితం, రేఖాగణితం, సంఖ్యాశాస్త్రాలకు చెందిన సమస్యలు తరచుగా రెండు మూడు వాక్యాల్లోనే ముగుస్తాయి. ఆ వాక్యాలు తెలుగులోకి వచ్చేటప్పుడు తలెత్తే అర్థసందిగ్ధతలను ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే వాక్యార్థ హేతువుల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు వాక్యానికి తార్కిక నిర్దిష్టత లేదన్న అభిప్రాయం నిలవదనీ, లోపమంతా ఇంగ్లీషు వాక్యక్రమాన్ని మాటకు మాటగా అనుసరించే పద్ధతిలో ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గణిత ఒలింపియాడ్, శాస్త్రానువాదం, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, చేదర్థకం, అప్యర్థకం, పావులూరి మల్లన.

1. ఉపోద్ఘాతం:
అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ 1959లో రుమేనియాలో 7 దేశాలతో మొదలైంది. భారతదేశం 1989 నుంచి పాల్గొంటోంది. 1996 పోటీకి ముంబయి వేదికైంది. నేటి పోటీలో రెండు రోజుల్లో 6 సమస్యలు ఇస్తారు. రోజుకు 3 సమస్యలు, నాలుగున్నర గంటల సమయం. ఒక్కో సమస్యకు 7 మార్కుల చొప్పున మొత్తం 42. అంటే రెండు మూడు వాక్యాలతో విద్యార్థి సగటున గంటన్నర గడుపుతాడు. పాఠశాలలో మరే పాఠ్యమూ విద్యార్థి నుంచి ఇంతటి సన్నిహిత పఠనాన్ని కోరదు.

ఈ పోటీలో వివిధ దేశాల జట్టు నాయకులు ప్రశ్నలను తమ విద్యార్థుల భాషల్లోకి అనువదిస్తారు. ఆ అనువాదాలను ఇతర నాయకులు పరిశీలించే ఏర్పాటు కూడా ఉంది. సమస్య కఠినంగా ఉండవచ్చు గాని, దాన్ని చెప్పే వాక్యం కఠినంగా ఉండరాదన్న సూత్రం ఈ ఏర్పాటులో ఇమిడి ఉంది. తెలుగులో చదువుకొన్న విద్యార్థి విషయంలో ఈ సూత్రం ఎంతవరకు నెరవేరుతుందన్నది విమర్శ పట్టించుకోవలసిన ప్రశ్న. గణితం రాక ఓడిపోవడం వేరు, వాక్యం అర్థం కాక ఓడిపోవడం వేరు. జవాబుపత్రంలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

2. పూర్వరంగం:
గణిత సమస్యను తెలుగులో చెప్పడం కొత్త పని కాదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన 11వ శతాబ్దివాడనీ, రాజరాజనరేంద్రుని కాలానికి చెందినవాడనీ సాహిత్య చరిత్రకారులు ఎక్కువమంది భావించారు. ఈ రచన యథాతథానువాదం కాదు. మూలంలోని జైన సంబంధమైన ఉదాహరణల స్థానంలో మల్లన శైవ సంబంధమైన వాటిని చేర్చుకొన్నాడు. లెక్క మారకుండా లోకాన్ని మార్చుకోవచ్చునని తొలినాటి తెలుగు శాస్త్రానువాదమే నిరూపించింది.

ప్రాచీన గణిత సమస్యకు ఒక లోకం ఉంది. భాస్కరాచార్యుని లీలావతి (1150)లో సంబోధన ఉంది, తామరలు, తుమ్మెదలు, నెమళ్లు ఉన్నాయి. సందర్భం అర్థానికి ఊతంగా నిలుస్తుంది. ఆధునిక పోటీ సమస్య చాలావరకు ఈ లోకాన్ని వదులుకొంది. అందులో మిగిలినవి సంఖ్యలు, అక్షరాలు, చివర ‘నిరూపించండి’ అనే క్రియ. అలంకారం, సందర్భం రెండూ తొలగిపోయాక అర్థభారమంతా వాక్యనిర్మాణం మీదే పడుతుంది. అందువల్ల ఈ సమస్యలను పరీక్షించడానికి శాబ్దబోధ చర్చలోని ఆకాంక్ష, యోగ్యత, సన్నిధులు తగిన సాధనాలు.

3. ఆకాంక్ష – తెరిచి ఉంచవలసిన వాక్యం:
1988లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో జరిగిన ఒలింపియాడ్‌లో ఆరో సమస్య ప్రసిద్ధమైనది. దానికి పూర్తి మార్కులు పొందినవారు 11 మంది మాత్రమే. క, గ అనే ధన పూర్ణసంఖ్యల వర్గాల మొత్తాన్ని వాటి లబ్ధం కంటే 1 ఎక్కువైన సంఖ్య నిశ్శేషంగా భాగించే సందర్భంలో, భాగఫలం పరిపూర్ణ వర్గసంఖ్య అవుతుందని నిరూపించాలి. ఉదాహరణకు 2, 8 తీసుకొంటే వర్గాల మొత్తం 68, లబ్ధం కంటే 1 ఎక్కువైన సంఖ్య 17, భాగఫలం 4.

ఇంగ్లీషు వాక్యక్రమాన్ని అనుసరిస్తే ఈ సమస్య తెలుగులో ఇలా తయారవుతుంది: ‘క, గ లు క×గ + 1 అనునది క² + గ² ను భాగించునట్లుగా ఉన్న ధన పూర్ణసంఖ్యలు అనుకొనుము.’ ఇక్కడ క, గ లు ఏమిటో తెలియకముందే వాటి మీద షరతు వచ్చి పడింది. అవి ధన పూర్ణసంఖ్యలన్న సమాచారం వాక్యం చివరి దాకా అందదు.

ఈ క్లిష్టతను తప్పించబోయి వాక్యాన్ని విడగొడితే మరో ప్రమాదం ఎదురవుతుంది: ‘క, గ లు ధన పూర్ణసంఖ్యలు. క×గ + 1 క² + గ² ను భాగిస్తుంది.’ సమాపక క్రియ ఆకాంక్షను ముగిస్తుంది. అందువల్ల రెండో వాక్యం షరతులా కాక, సిద్ధమైన సత్యంలా వినిపిస్తుంది. శ్రద్ధగల విద్యార్థి 1, 2 తీసుకొని పరీక్షిస్తే 3 అనే సంఖ్య 5ను భాగించదని తెలుస్తుంది. అప్పుడతడు ప్రశ్నే తప్పని అనుకోవచ్చు. ఆ అనుమానానికి కారణం అతని గణితం కాదు, ‘భాగిస్తుంది’ అనే క్రియ.

తెలుగు వాక్యంలో షరతుకు సహజమైన స్థానం చేదర్థకం. ‘క, గ అనేవి రెండు ధన పూర్ణసంఖ్యలు. క² + గ² అనే మొత్తాన్ని క×గ + 1 నిశ్శేషంగా భాగిస్తే, ఆ భాగఫలం పరిపూర్ణ వర్గసంఖ్య అవుతుందని నిరూపించండి.’ ఇందులో పేరు పెట్టే వాక్యం ముగిసింది, షరతు చెప్పే వాక్యం ముగియలేదు. నామకరణాన్ని సమాపక క్రియతో ముగించవచ్చు గాని షరతును ముగించరాదు. ఈ విచక్షణ సమస్య సాధనకూ అవసరమే. భాగఫలం వర్గసంఖ్య కాదని ఊహించి, ఆ భాగఫలాన్నే ఇచ్చే జంటల్లో అతి చిన్నదాన్ని ఎన్నుకొని, వర్గ సమీకరణపు రెండో మూలం ద్వారా అంతకన్నా చిన్న జంటను చూపడం ప్రసిద్ధమైన సాధన. ఈ సాధన ఊహ మీదే నడుస్తుంది. షరతును సత్యంగా చదివినవాడు ఆ నడకను మొదలుపెట్టలేడు.

4. యోగ్యత – విభక్తి బాధ్యత:
‘ఆవు గడ్డి తింటుంది’ అన్న వాక్యంలో ద్వితీయా విభక్తి లేదు. అయినా అర్థం చెడలేదు. గడ్డికి ఆవును తినే యోగ్యత లేదు కాబట్టి కర్త ఏదో కర్మ ఏదో శ్రోత తేల్చుకొంటాడు. అచేతన పదాలకు ద్వితీయా విభక్తిని వదిలే సౌకర్యం తెలుగుకు ఇలా దక్కింది.

గణిత వాక్యంలో ఈ సౌకర్యం పనికిరాదు. సంఖ్యలన్నీ అచేతనాలే. భాగించే యోగ్యత, భాగింపబడే యోగ్యత ఏ సంఖ్యకైనా ఉండవచ్చు. ‘క×గ + 1 క² + గ² భాగిస్తుంది’ అని రాస్తే ఏది దేన్ని భాగిస్తుందో చెప్పడానికి యోగ్యత సాయపడదు. పైగా రెండు గుర్తుల వరసల మధ్య ఒక వరస ఎక్కడ ముగిసిందో కూడా తెలియదు. కాబట్టి నిత్యవ్యవహారంలో ఐచ్ఛికమైన ‘ను’ గణిత వాక్యంలో అనివార్యమవుతుంది. ‘అనే మొత్తాన్ని’, ‘అనే సంఖ్య’ వంటి ఆధారపదాలు కూడా పొడవు పెంచే మాటలు కావు. అవి విభక్తికి నిలబడే చోటిస్తాయి.

5. సన్నిధి – ‘ఏదైనా’, ‘ఏ … అయినా’:
1959 ఒలింపియాడ్ మొదటి సమస్య సంఖ్యాశాస్త్రానికి చెందినది. న ఏ సహజసంఖ్య అయినా (21న + 4)/(14న + 3) అనే భిన్నం కనిష్ఠ రూపంలోనే ఉంటుందని నిరూపించాలి. దీన్ని ‘ఏదైనా సహజసంఖ్య నకు ఈ భిన్నం కనిష్ఠ రూపంలో ఉంటుందని నిరూపించండి’ అని రాయడం కద్దు. మొదటిసారి పోటీకి వచ్చిన విద్యార్థి న విలువ 1 అనుకొని, 25/17 కనిష్ఠ రూపంలో ఉందని చూపి, నిరూపణ పూర్తయిందని సంతృప్తి పడవచ్చు. అతని పఠనం నిరాధారం కాదు. ‘ఏదైనా పండు ఇవ్వు’ అంటే ఒక్క పండు చాలు. ‘ఏ పండైనా తింటాడు’ అంటే ఏ ఒక్కటీ మినహాయింపు కాదు. ప్రశ్నార్థకం, అప్యర్థకం ఒకే మాటగా కలిసిపోతే ఒకదాన్ని ఎంచుకొనే అర్థానికి చోటు దొరుకుతుంది. వాటి నడుమ నామం నిలిస్తే అన్నిటికీ వర్తించే అర్థం స్పష్టమవుతుంది. అర్థభేదమంతా సన్నిధిలోనే ఉంది.

ఈ సమస్యకు సాధన ఒక్క వాక్యం. హారానికి 3 రెట్ల నుంచి లవానికి 2 రెట్లు తీసివేస్తే 1 మిగులుతుంది, కాబట్టి రెండిటికీ 1 తప్ప సామాన్య భాజకం లేదు. తీసివేతలో న అదృశ్యమవుతుంది. ‘ఏ సహజసంఖ్య అయినా’ అన్న పదబంధానికి గణితంలో సమానమైన క్రియ ఆ అదృశ్యమే. సమస్యను సరిగా చెప్పిన వాక్యం సాధన దిశను కూడా సూచిస్తుందనడానికి ఇది మంచి నిదర్శనం.

1964లో మాస్కోలో జరిగిన పోటీ మొదటి సమస్యలో రెండు భాగాలున్నాయి. 2 యొక్క న-వ ఘాతం నుంచి 1 తీసివేస్తే వచ్చే సంఖ్యను 7 నిశ్శేషంగా భాగించే న విలువలన్నీ కనుక్కోవడం మొదటిది. 1 కలిపితే వచ్చే సంఖ్యను 7 ఎప్పటికీ భాగించదని నిరూపించడం రెండోది. 2 ఘాతాలను 7తో భాగిస్తే శేషాలు వరుసగా 2, 4, 1 వస్తూ తిరిగి మొదలవుతాయి. కాబట్టి మొదటిదానికి జవాబు 3 గుణిజాలు. 1 కలిపినప్పుడు శేషాలు 3, 5, 2 అవుతాయి, 0 ఎన్నడూ రాదు.

‘అన్నీ కనుక్కోండి’ అన్న ఆదేశానికి 3, 6, 9 అని రాసి ఆగిపోయేవారున్నారు. పనిచేసే విలువలను చూపడం సగం పని, మరేవీ పనిచేయవని చూపడం మిగతా సగం. తెలుగులో ‘ఏయే విలువలకు’ అన్న ద్విరుక్త ప్రశ్న పూర్తి జాబితాను కోరుతుంది. ‘3 గుణిజాలకే’ అన్న అవధారణార్థకం మిగతావాటిని తోసిపుచ్చుతుంది. ‘ఏ ధన పూర్ణసంఖ్యకూ’ అన్న సముచ్చయార్థకం వ్యతిరేక క్రియతో కలిసి సంపూర్ణ నిషేధాన్ని తెలుపుతుంది. దీనికి బదులు ‘ప్రతి సంఖ్యకూ భాగించదు’ అంటే కొన్నిటికి భాగిస్తుందేమోనన్న అర్థం మిగులుతుంది.

ఆవశ్యక, పర్యాప్త నియమాల విషయమూ ఇటువంటిదే. ‘వర్షం పడితేనే పంట పండుతుంది’ అన్న మాటలో వర్షం ఆవశ్యకమే గాని, వర్షం పడినంత మాత్రాన పంట పండితీరుతుందన్న హామీ లేదు. కాబట్టి రెండు దిశలనూ కోరే సమస్యలో ‘అయితేనే’ ఒక్కటే చాలదు. ‘అయితే, అయితేనే’ అని రెండూ పలకాలి.

6. రేఖాగణితం – చేతిపని క్రమం:
బ్రహ్మగుప్త సిద్ధాంతంగా పేరొందిన ఫలితం పోటీ విద్యార్థులు తరచుగా అభ్యసించేది. ‘పరస్పరం లంబాలైన కర్ణాలు గల చక్రీయ చతుర్భుజపు కర్ణాల ఖండనబిందువు నుంచి ఒక భుజానికి గీయబడిన లంబము ఎదుటి భుజాన్ని సమద్విఖండన చేయును’ అన్న వాక్యంలో విశేషణాల బరువు కింద బొమ్మ కనిపించదు. ‘ఒక భుజానికి’ అన్నది ఏదో ఒక భుజమా, ఏ భుజమైనా సరేనా అన్నదీ తేలదు. లంబాన్ని వెనక్కి పొడిగించాలన్న సూచన అసలే లేదు.

‘ఒక చక్రీయ చతుర్భుజంలో కర్ణాలు పరస్పరం లంబాలైతే, అవి ఖండించుకొనే బిందువు నుంచి ఏ భుజానికి లంబం గీసి వెనక్కి పొడిగించినా, అది ఎదుటి భుజాన్ని సమద్విఖండన చేస్తుందని నిరూపించండి.’ ఈ వాక్యంలో చేదర్థకం షరతును మోసింది, అప్యర్థకం వ్యాప్తిని మోసింది. ‘గీసి’ అన్న క్త్వార్థకం స్కేలు, పెన్సిలు కదిలే క్రమాన్ని మోసింది. తెలుగు అసమాపక క్రియల వరస రేఖాగణిత నిర్మాణానికి సహజంగా అమరుతుంది.

7. ఆక్షేపణలు:
గుర్తులే గణితానికి భాష కాబట్టి మాటల చర్చ అనవసరమన్నది ఒక ఆక్షేపణ. కానీ పాఠశాల పోటీ సమస్యల్లో ‘ప్రతి’, ‘ఏదో ఒక’, ‘అయితే’ వంటి తార్కిక సంబంధాలను సాధారణంగా మాటల్లోనే చెబుతారు. గుర్తులు చెప్పేది సంఖ్యల సంగతి, వాటి వ్యాప్తిని చెప్పేది వాక్యం.

అభ్యాసం ఉన్న విద్యార్థికి ఇలాంటి సందిగ్ధతలు అడ్డురావన్నది మరో ఆక్షేపణ. ఇది కొంతవరకు నిజం. పాత సమస్యలెన్నో చేసినవాడు వాక్యం ఎలా ఉన్నా ఉద్దేశం పట్టుకోగలడు. అయితే ఆ అభ్యాసం అందరికీ అందదు. వాక్యం విప్పి చెప్పని షరతు ముందే తెలిసినవారి సొత్తుగా మిగిలిపోతుంది. ప్రతిభను వెతకడానికి పెట్టిన పోటీ అప్పుడు పరిచయాన్నే కొలుస్తుంది.

ఇంగ్లీషులోనూ ఈ చిక్కులు లేకపోలేదు. ‘ఎనీ’ అన్న మాట అక్కడ కూడా ఒకటి, అన్నీ అన్న రెండర్థాల మధ్య ఊగుతుంది. తెలుగుకు అదనంగా వచ్చిన కష్టం, ఆ ఊగిసలాటను కూడా అనువదించుకోవడమే.

8. ముగింపు:
పై సమస్యల్లో తెలుగు వాక్యం తడబడిన చోట్లన్నీ తెలుగు తన ప్రత్యయాలను వాడుకోని చోట్లే. చేదర్థకం, అప్యర్థకం, అవధారణార్థకం, సముచ్చయార్థకం అనే నాలుగింటిని తగిన సన్నిధిలో ఉంచితే, ఇక్కడ పరిశీలించిన సమస్యలన్నిటినీ సందిగ్ధత లేకుండా చెప్పవచ్చు. శాస్త్రానువాద చర్చలు ఎక్కువగా పారిభాషిక పదాల చుట్టూ తిరిగాయి. భాజకం, గుణిజం, చక్రీయ చతుర్భుజం వంటి పదాలు స్థిరపడి చాలాకాలమైంది. స్థిరపడవలసింది వాటిని కలిపే వాక్యం. ఆ పనిలో గణిత అధ్యాపకునికి వ్యాకరణం తెలిసిన తెలుగు అధ్యాపకుని తోడు అవసరం. మల్లన ఒక్కడే చేసిన పనిని నేడు ఇద్దరు కలిసి చేసినా చాలు, తెలుగులో చదివిన విద్యార్థి గంటన్నర సమయాన్ని వాక్యంతో కాక సమస్యతోనే గడపగలుగుతాడు.