పక్కన కూర్చున్నదెవరు?

మా నాన్నగారు లెక్కల మాస్టారు. పేపర్లు దిద్దేటప్పుడు ఇద్దరికి ఒకే ఒప్పు వస్తే టిక్కు పెట్టి ముందుకెళ్లిపోయేవారు. ఒకే తప్పు కనిపిస్తే మాత్రం ఎర్ర పెన్ను కింద పెట్టేవారు. ఏడెనిమిదులు యాభై నాలుగని ఇద్దరికీ ఒకే రోజున ఎలా తోచిందంటారు? రెండు పేపర్లూ పక్కపక్కన పరుచుకుని కూర్చునేవారు.

వైరస్‌ జాడ తీసేవాళ్లు చేసేదీ అదే. ఒంట్లో చేరిన వైరస్‌ తనకు తానే నకళ్లు తీసుకుంటూ పోతుంది. ఎబోలా వైరస్‌ మొత్తం జన్యుక్రమంలో సుమారు 19,000 అక్షరాలు. అంత రాతలో అక్కడక్కడా ఒక అక్షరం తారుమారవుతుంది. ఆ తప్పు ఆ తర్వాతి నకళ్లకూ దిగుతుంది. తప్పుల్ని పోల్చుకుంటూ వెనక్కి వెళితే వంశవృక్షం తయారవుతుంది.

2014లో సియెర్రా లియోన్‌లో ఎబోలా మొదలైనప్పుడు 78 మంది రోగుల నమూనాల నుంచి 99 జన్యుక్రమాలు చదివారు. తొలి రోగుల్లో 12 మంది ఒకే చావుకు వెళ్లొచ్చినవారని చెప్పుకున్నారు. అలాగైతే వాళ్లందరి వైరస్‌ ఒకే కొమ్మది కావాలి. తీరా చూస్తే రెండు కొమ్మలు తేలాయి! అడవి జంతువుల నుంచి జబ్బు మళ్లీ మళ్లీ దూకుతున్న ఆనవాలు మాత్రం దొరకలేదు. మనిషి నుంచి మనిషికే పాకుతోంది. కాబట్టి ముందు కాపు కాయాల్సింది రోగి మంచం దగ్గర, శవానికి స్నానం చేయించే చోట.

అయితే నాన్నగారు తప్పు పట్టుకున్నంత మాత్రాన ఎవరినీ బెంచీ ఎక్కించేవారు కాదు. ఎవరు ఎవరిది చూసి రాశారో పేపరు చెప్పదు. ఇద్దరూ మూడోవాడి దగ్గర ఎక్కించుకుని ఉండొచ్చు. "ముందు పక్కన కూర్చున్నదెవరో కనుక్కోండి" అనేవారు. జన్యుక్రమాలతోనూ ఇదే చిక్కు. రెండు క్రమాలు ఒకేలా ఉన్నాయని ఫలానావాడే అంటించాడని తేల్చేయలేం. నమూనా ఇవ్వని మూడో మనిషి మధ్యలో ఉండొచ్చు. ఎవరింటికి వెళ్లావు, ఎవరికి సేవ చేశావు అని గుమ్మం గుమ్మం తిరిగి అడిగేవాళ్లు ఉంటేనే ఆ వృక్షానికి అర్థం.

ఆ 99 క్రమాల మీద రాసిన పరిశోధన వ్యాసం అదే ఏడాది ఆగస్టులో వెలువడేసరికి, దాని రచయితల్లో ఐదుగురు ఎబోలాతోనే కన్నుమూశారు. వారిలో ఒకరు, సియెర్రా లియోన్‌లోని కెనెమా ప్రభుత్వాసుపత్రిలో రోగులకు వైద్యం చేసిన డాక్టర్‌ షేక్‌ హుమర్‌ ఖాన్‌ జులై 29న పోయారు. ఆ అక్షరాలు ఎవరైనా చదవాలంటే, ముందు ఒకరు రోగి పక్కన కూర్చుని రక్తం తీయాలి కదా.