వార్తయు విధియు: సవాదు భూముల వివాదము

జరిగినదానిని తెలుపుట చరిత్రకారుని పని. జరుగవలసినదానిని నిర్ణయించుట ధర్మశాస్త్రవేత్త పని. ఇస్లామీయ న్యాయవిచారమున ఈ రెండును తరచుగా ఒక్కచోటనే కలిసికొనును. ఆ కలయికలోని బలమును, చిక్కును తెలిసికొనుటకు ఇరాకులోని సవాదు భూముల వివాదము మంచి నిదర్శనము.

7వ శతాబ్దమున అరబ్బుసేనలు సవాదును జయించినపుడు, యుద్ధధనమువలెనే భూమినిగూడ తమకు పంచిపెట్టవలెనని యోధులు కోరిరి. ప్రవక్త ఖైబరు భూములను పంచియుండుట వారికి ఆధారము. ఖలీఫా ఉమరు సమ్మతింపక, భూమిని సాగుచేయువారి చేతనే యుంచి ఖరాజు అను శిస్తు విధించెను. అంతయు నేడే పంచినచో రేపు రాబోవువారికి మిగులునదేమి యని ఆయన ప్రశ్నించెననియు, ఖురాను 59వ అధ్యాయమును ప్రమాణముగా చూపెననియు సంప్రదాయము చెప్పుచున్నది.

సంఘటన యొక్కటే, దానినుండి వెలువడిన విధులు మాత్రము మూడు. పంచుటయో, నిలుపుటయో పాలకుని విచక్షణకు లోబడినదని హనఫీలు. అట్టి భూమి సమాజమునకంతకును వక్ఫు అని మాలికీలు. భూమియు పంచదగినదే యని షాఫియీ (767–820): ఉమరు బజీలా తెగకు సవాదులో నాల్గవవంతు నిచ్చి, పిదప పరిహారమిచ్చి వారి సమ్మతితో మరల గ్రహించెనన్న వార్త ఆయనకు ఆధారము. ఇట్లు ఏ వార్తను ముందుంచుకొనిన ఆ విధియే సిద్ధించినది.

హారూన్ అల్ రషీదుకొరకు అబూ యూసుఫు (మరణము 798) రచించిన ‘కితాబ్ అల్ ఖరాజ్’ ఈ కథను విపులముగా చెప్పినది. ఉమరు నెదిరించినవారి వాదములను ఆయన దాచలేదు. అది గ్రంథమునకు గొప్ప గుణము. అయినను ఆ వృత్తాంతమును మదీనా విద్వాంసులు పలువురు చెప్పిరనియే కాని, వారి పేర్లు తెలుపలేదు. వక్తల పరంపరను ఒక్కొక్కరినిగా పరీక్షింపవలెనని పట్టుపట్టిన షాఫియీ కొలతకు ఇది నిలువదు.

‘అల్ ఫారూఖ్’ (1899) రచించి, అనంతరము కొంతకాలము హైదరాబాదులో పనిచేసిన షిబ్లీ నూమానీ, వక్తల పరీక్షకు తోడు యుక్తిపరీక్షయు కావలెననెను. వార్త కాలస్వభావమునకును, మానవప్రకృతికిని సరిపడవలెను. ఇది మెచ్చదగిన సూత్రమే. కాని ఆ కాలస్వభావము తెలియుటయు చాలవరకు ఆ వార్తలవలననే కదా! కొలువదలచిన వస్తువే కొలబద్ద యైనచో కొలత యెట్లు నమ్మదగును?

1973లో ఆల్బ్రెక్ట్ నోట్ మరియొక సందేహమును బలపరచెను: దేశములు బలముచే జయింపబడినవా, సంధిచే లోబడినవా యన్న కథనములను పన్నువిధించు శాస్త్రములోని ప్రశ్నలే కొంతవరకు మలచినవని. అనగా సాక్షి యనుకొన్నది కొన్నియెడల వాదియే.

అంతమాత్రమున ఈ వార్తలు వ్యర్థములు కావు. ఉమరు నోట ఆ మాటలే వెలువడినవో లేదో కాని, 8వ శతాబ్దపు విద్వాంసులు విజేత హక్కుకంటె రాబోవు తరముల హక్కును పెద్దదిగా నెంచిరన్నది నిశ్చయము. చరిత్రకు సందిగ్ధమైన వార్త ధర్మచింతనకు స్పష్టమైన సాక్ష్యము కావచ్చును. ఏది దేనికి సాక్ష్యమో విడదీసి చూచుటయే విమర్శకుని కర్తవ్యము.