దుఃఖానికి రెండు చికిత్సలు: కిందీ, బల్ఖీ

దుఃఖాన్ని పోగొట్టుకునే ఉపాయాలపై అరబ్బీలో వచ్చిన రచనల్లో అల్ కిందీ చిన్న గ్రంథానికి ఉన్న పేరు, ఆయన శిష్యుడిగా ప్రసిద్ధుడైన అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం హిజ్రీ 322, క్రీ.శ. 934) రచనకు లేదు. 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్', అనగా శరీరాల, ఆత్మల క్షేమం, అనే ఆ గ్రంథపు రాతప్రతి ఇస్తాంబూలులో ఉండిపోయింది. దాని ఛాయాప్రతి 1984లో ఫ్రాంక్‌ఫర్టులో వెలువడింది. మనసుకు సంబంధించిన భాగాన్ని సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ ఇంగ్లీషులోకి అనువదించగా 2013లో వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే గురువుకంటే శిష్యుడే మనకు దగ్గరివాడని తోస్తుంది.

కిందీ వాదం స్పష్టం. ప్రియమైనది పోవడం వల్లనో, కోరినది దక్కకపోవడం వల్లనో దుఃఖం పుడుతుంది. పోయే స్వభావంగల వస్తువులు నిలిచి ఉండాలనుకోవడమే పొరపాటు. ఓడ ఆగిన చోట పూలూ రాళ్లూ ఏరుకుంటూ ఆలస్యం చేసి, తిరిగి వచ్చాక ఆ బరువుతో ఇరుకున పడిన ప్రయాణికుల దృష్టాంతం ఎంతో అందమైనది. కాని కారణమేమీ కనిపించకుండానే తెల్లవారేసరికి గుండె బరువెక్కి, పక్క మీంచి లేవలేని మనిషికి ఈ తర్కం ఏం చేస్తుంది? ఏమీ పోగొట్టుకోనివాణ్ణి, పోయినదాన్ని మరిచిపొమ్మన్నట్లుంటుంది.

బల్ఖీ ఇక్కడే ఆగి ఆలోచించాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, తెలియనిది వేరు అన్నాడు. రెండవది శరీరం నుంచి, రక్తంలోని దోషం నుంచి వస్తుంది కనుక వైద్యం కావాలనీ, దానితోపాటు ఉల్లాసకరమైన మాటలూ సాంగత్యమూ కావాలనీ చెప్పాడు. రక్తం సంగతి నేటి వైద్యశాస్త్రం ఒప్పదు. అయినా ఆ విభజన రోగి మీది నిందను తొలగిస్తుంది. అదే దాని విలువ.

నిత్యజీవితానికి ఆయన చెప్పినవి సామాన్యమైన సంగతులే. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో మందులు దాచుకున్నట్లు, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను సిద్ధం చేసుకోవాలి. భయపెట్టేదానికి అలవాటు పడాలి. వస్వసాలు పీడిస్తున్నవాడు ఒంటరిగా కూర్చోరాదు. ఈ చివరిది మన ఇళ్లలో తలకిందులవుతుంది. దిగులు పడినవారిని ఒక గదికి వదిలేసి, ఈమాన్ బలహీనమైందంటాము. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కళ్లు దుఃఖంతో తెల్లబడ్డాయని యూసుఫ్ సూరా చెబుతోంది. ఆయన ఈమాన్‌ను శంకించేదెవరు? మరణం జరిగిన ఇంట హజ్రత్ ఆయిషా (రజి) 'తల్‌బీనా' అనే జావ కాయించేవారని బుఖారీ సంకలనంలో ఉంది. ఓదార్పు గిన్నెతో మొదలయింది!

బద్రీ తన అనువాదానికి పెట్టిన ఉపశీర్షికలోనే నేటి మానసిక చికిత్సా పద్ధతి పేరును బల్ఖీకి అంటగట్టారు. ఈ గొప్ప అనవసరం. బల్ఖీది సూక్ష్మ పరిశీలన. ఫలితాలను రోగుల మీద పోల్చి తూచే పద్ధతి చాలా తరువాతిది. పైగా, మనకు అన్నీ ముందే ఉన్నాయనుకుంటే వైద్యుని గడప తొక్కనివారు పెరుగుతారు. కల్లోలంలోనో, ప్రమాదంలోనో చావును కళ్లారా చూసినవారు భయానికి అలవాటు పడాలన్న సలహాను సొంతంగా ప్రయోగించుకుంటే గాయం మరింత రేగవచ్చు. అది నిపుణుల సమక్షంలో జరగవలసిన పని.

బల్ఖీ లోపలి ఉపాయాలతో సరిపెట్టలేదు. కలతలో ఉన్నవానికి తన ఆలోచన ఒక్కటే చాలదనీ, బయటివారి హితవు కూడా అవసరమనీ అన్నాడు. ఆయనను పొగిడేవారు మొదటి సగాన్నే పంచిపెడుతున్నారు. రెండవ సగం రోగికి కాక, అతని ఇంటివారికీ ఇరుగుపొరుగువారికీ పని చెబుతుంది.