‘తగినంత చిన్న’ నమూనా కాలం: అరేఖీయ వ్యవస్థల డిజిటల్ నియంత్రణలో ఒక అలవాటు మాటపై విమర్శ

నమూనా కాలం తగినంత చిన్నదైతే, అవిచ్ఛిన్న కాలంలో రూపొందించిన నియంత్రకం కంప్యూటరు ద్వారా అమలైనా స్థిరత్వం నిలుస్తుందన్న అభిప్రాయం నియంత్రణ శాస్త్ర బోధనలో గట్టిగా నాటుకుంది. రేఖీయ వ్యవస్థలకు అది చాలావరకు చెల్లుతుంది. అరేఖీయ వ్యవస్థల విషయంలో ‘తగినంత’ అన్న మాటే అసలు ప్రశ్నను దాచివేస్తుంది.

స్థితి మార్పురేటు, స్థితి ఘనానికి నియంత్రణను కూడగా వచ్చే ఒక సరళ సమీకరణాన్ని తీసుకుందాం. ఘనాన్ని రద్దుచేసి, స్థితికి సమానమైన రుణ పదాన్ని చేర్చే నియంత్రణ అవిచ్ఛిన్న కాలంలో ఏ స్థితినైనా సున్నకు చేరుస్తుంది. అదే నియంత్రణను ఒక్కొక్క నమూనా కాలంపాటు మార్చకుండా పట్టి ఉంచితే కథ మారుతుంది. స్థితి 10 వద్ద మొదలై, కాలం 0.04 అయితే, రెండవ నమూనా అందకముందే అది రుణ దిశలో అనంతానికి పారిపోతుంది. కాలాన్ని 0.01కు తగ్గిస్తే 10 నుండి బయలుదేరినది సున్నను చేరుతుంది. 30 నుండి బయలుదేరినది మళ్ళీ తప్పించుకుంటుంది. అంటే అన్ని స్థితులకూ సరిపడే ఒకే నమూనా కాలం ఇక్కడ లేదు. ముందు ప్రాంతాన్ని చెప్పి, తరువాత కాలాన్ని నిర్ణయించాలి.

రెండవ ప్రమాదం సుమారు నమూనాలది. మూడు సమాకలనుల గొలుసును ఆయిలర్ పద్ధతిలో విచ్ఛిన్నీకరించి, మూడు దశల్లో సున్నకు చేర్చే నియంత్రకాన్ని రూపొందించవచ్చు. కాగితంపై అది నిర్దోషం. అసలు వ్యవస్థపై దానినే ప్రయోగిస్తే ఒక ఐగెన్ విలువ సుమారు -2.644 వస్తుంది. కాలాన్ని ఎంత తగ్గించినా ఆ విలువ మారదు! అరేఖీయత లేనిచోటే ఇలా జరిగితే, అది ఉన్నచోట ఆయిలర్ నమూనాపై అనుకరణ చూపి స్థిరత్వం నిరూపితమైందనే పరిశోధన వ్యాసాలను ఎలా నమ్మాలి? నియంత్రక గుణకాలు కాలపు ఘనానికి విలోమంగా పెరగడమే ఇక్కడి దోషానికి మూలం.

ఈ లోపాన్ని స్పష్టంగా పట్టుకున్నది నేషిచ్, టీల్, కొకొటోవిచ్‌ల 1999 నాటి వ్యాసం. సుమారు నమూనా ఒక్క దశలో చేసే దోషం కాలంకన్న వేగంగా తగ్గాలనీ, కాలం తగ్గేకొద్దీ నియంత్రకమూ లయపునోవ్ ప్రమేయమూ అదుపు తప్పకూడదనీ అది కోరుతుంది. పై గొలుసు రెండవ షరతు వద్దనే పడిపోతుంది. అయితే ఆ వ్యాసం కూడా సరిపడే కాలం ఉన్నదని మాత్రమే చెబుతుంది, ఎంతో చెప్పదు. గణితజ్ఞునికి అది చాలు. టైమరులో ఒక అంకె రాయవలసిన ఇంజనీరుకు చాలదు. నేషిచ్, టీల్, కార్నెవాలేలు 2009లో ఆ కాలానికి లెక్కించదగిన హద్దును ఇచ్చారు. అవి పర్యాప్త షరతులు గనుక అంకె అవసరానికి మించి చిన్నది కావచ్చు. అయినా అంకె అంకెయే. ఆ హద్దుతో పోల్చకుండా, ఏ ప్రాంతానికి వర్తిస్తుందో చెప్పకుండా ‘తగినంత చిన్న’ అని ముగించే వ్యాసాన్ని సమీక్షకులు వెనక్కి పంపాలి.