లబ్ధిదారుడు, నిర్వాసితుడు, వినియోగదారుడు: నాగార్జునసాగర్ పరిభాష – ఒక విమర్శ

ప్రాజెక్టులో ఎవరి స్థానమేమిటో దాని పరిభాష తెలియజేస్తుంది. నాగార్జునసాగర్ ఆయకట్టు రైతు ‘లబ్ధిదారుడు’. ముంపు గ్రామస్థుడు ‘నిర్వాసితుడు’. మొదటి మాట పుచ్చుకొనేవాణ్ని, రెండవది పోగొట్టుకొన్నవాణ్ని సూచిస్తాయి. నిర్ణయంలో పాలుపంచుకొనేవాణ్ని రెండూ సూచించవు.

రూపకల్పనలో ప్రభుత్వేతరుల ప్రమేయం అసలే లేదనడం సరికాదు. నందికొండ వద్ద ఆనకట్ట కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వర ప్రసాద్ చేసిన కృషి సుప్రసిద్ధం. 1952లో ఖోస్లా కమిటీ ఆ స్థలాన్ని సమర్థించింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అయితే పాలకులను చేరగల గొంతుకే ఆ అవకాశం దక్కింది. 1894 నాటి భూసేకరణ చట్టం లోయలోని రైతుకు అభ్యంతరం చెప్పే, పరిహారం కోరే దారి చూపిందే తప్ప రూపకల్పనలో చోటివ్వలేదు. భూమిపై హక్కు లేని కూలీ దాని దృష్టికి దాదాపు ఆననే లేదు.

అదే లోయలోని శిథిలాల కథ వేరు. 1926లో వెలుగుచూసిన నాగార్జునకొండ బౌద్ధక్షేత్రంలో 1954–60 మధ్య విస్తృతంగా తవ్వకాలు జరిపి, ముఖ్య కట్టడాలను కొండపైకీ అనుపుకూ తరలించి పునర్నిర్మించారు. ఇది శ్లాఘనీయమే. ముంపుకు ముందే ఆలోచించాలనుకుంటే వ్యవధి దొరుకుతుందని కూడా ఇది రుజువు చేస్తుంది.

1967లో కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల సేద్యం మారిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత, 1997 నాటి సాగునీటి యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచి ‘వినియోగదారుడు’ అనే మూడవ మాటను స్థిరపరచింది. ఓటు మాత్రం భూయజమానులకూ, రికార్డులకెక్కిన కౌలుదారులకూ పరిమితమైంది. నోటిమాటపై కౌలు చేసేవారు దాని వెలుపలే మిగిలారు. పైగా అప్పటికి కాలువల దారి, తూముల స్థానం ఖరారైపోయాయి. తూము ఎక్కడుండాలో చెప్పే వీలులేని రైతు దాని నిర్వహణకు బాధ్యుడయ్యాడు.

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను ప్రవేశపెట్టింది. కాని పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరైన నీటిపారుదల ప్రాజెక్టులకు దాని నుంచి మినహాయింపునిచ్చింది. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ జరిగేది ముసాయిదా నివేదిక సిద్ధమయ్యాకే.

మూడు మాటలూ నిర్ణయానంతర స్థితులే. ‘భాగస్వామి’ అనే మాటను వాటి పక్కన చేర్చినంత మాత్రాన ఈ లోపం తీరదు. నక్షా గీయకముందే ముంపు గ్రామస్థుణ్నీ, కాలువ చివరి రైతునూ, కౌలుదారునూ, కూలీనీ అడిగినప్పుడే ఆ మాటకు అర్థం సిద్ధిస్తుంది.