పటమా, కొత్తవాడకు దిగిరా

పటమా, నిదానంగా దిగు. తొందరేం లేదు. ముందు భూగోళమంతా ఒకే ఒక్క గడిలో ఇమిడి కనిపించనీ: ఇటు 256 చుక్కలు, అటు 256 చుక్కలు, అందులోనే సముద్రాలూ ఎడారులూ ఏడు ఖండాలూ. ఒక మెట్టు దిగితే ఆ గడి నాలుగవుతుంది. ఇంకో మెట్టుకు పదహారు. పద్దెనిమిదో మెట్టు మీద లోకం దాదాపు 6,872 కోట్ల గడులై పరుచుకుంటుంది. వాటిలోంచి నాకు కావలసిన పదో ఇరవయ్యో గడులను ఏరి తెచ్చి నా అరచేతిలో పెడతావు. మిగతా కోట్ల జోలికే పోవు. దక్కన్ పీఠభూమి మీద, గోదావరికి దక్షిణాన, ఓరుగల్లులో, భద్రకాళి చెరువు దాటాక, మట్టెవాడ పక్కన, అదిగో మా కొత్తవాడ. ఇక్కడ నీ ఒక్కో చుక్కా అర మీటరు పైచిలుకు నేల.

మా వాడలో నేసేది షతరంజీలు, అంటే నేల మీద పరిచే దరీలు. షతరంజీ డిజైన్‌ను ముందు గళ్ళ కాగితం మీద వేసుకుంటారు. ఏ గడిలో ఏ రంగో చూసుకుంటూ పడుగులో పేక నడిపిస్తారు. ఎరుపు వచ్చి నీలాన్ని తాకిన చోట రెండు పోగులూ ఒకదాన్నొకటి మెలేసుకుని ఎవరి దారిన అవి వెనక్కి మళ్ళుతాయి. పంజా అనే దువ్వెనతో కొడితే ఆ అతుకు ఎక్కడుందో వేలికి కూడా తగలదు. నీ గడులూ అలాగే అతుకు తెలియకుండా కూర్చున్నాయి పటమా. గుంట మగ్గం దగ్గర పెరిగినవాళ్ళకు నువ్వు మరీ అంత వింతేం కాదు.

నేను నిన్ను కొలిచేది ఒక్క గుణానికి: నువ్వు సామాన్యుడి మాట వింటావు. ఒకప్పుడు పటం గీయడం రాజుల పని, సైన్యాల పని. సర్వే గొలుసులు, థియొడొలైట్లు, ముద్ర వేసిన కాగితాలు, వాటికి కాపలా. 2004లో ఇంగ్లండ్‌లో స్టీవ్ కోస్ట్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మొదలుపెట్టాక ఆ కాపలా పోయింది. ఎవరి వీధిని వాళ్ళు గీయొచ్చు, గీసినదాన్ని అందరూ వాడుకోవచ్చు. 2009 ఆగస్టులో ఇస్రో ‘భువన్’ను జనం ముందు పెట్టింది. దాన్ని నడిపేది మన హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. 2011లో కీవ్ వాసి వ్లొదీమిర్ అగఫోంకిన్ వెబ్‌లో పటాలు కట్టే లీఫ్‌లెట్ అనే కోడ్ రాసి ఉచితంగా వదిలాడు. దాని బరువు దాదాపు 42 కిలోబైట్లు. పెళ్ళి ఫొటో ఒక్కటి అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ కాస్త బరువులోనే పటాన్ని జరపడం, దగ్గరకు లాగడం, పిన్ను గుచ్చడం, గీత గీయడం, పొర మీద పొర వేయడం అన్నీ ఇమిడాయి. తన దేశమైన ఉక్రెయిన్ మీద యుద్ధం వచ్చిపడ్డాక అతను పటం మూలన లీఫ్‌లెట్ పేరు పక్కనే బుల్లి జెండా ఒకటి పెట్టాడు. నీలం, పసుపు. లీఫ్‌లెట్‌తో కట్టిన ఏ ఊరి పటంలోనైనా ఆ మూల చూడండి, చాలాచోట్ల కనిపిస్తుంది. కోడ్ రాయడం రానివాళ్ళకు నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ నైట్ ల్యాబ్ వాళ్ళ స్టోరీమ్యాప్‌జేఎస్ ఉంది. స్లైడు వెంట స్లైడు పెట్టుకుంటూ పోతే పటం తనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడుస్తుంది.

పటమా, నీకో పెంకితనం ఉంది. కొత్తవాడ ఉండేది దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.6 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. లీఫ్‌లెట్‌కు అక్షాంశం ముందు చెప్పాలి. స్థలాల వివరాలు దాచే జియోజేసన్ ఫైల్లో రేఖాంశం ముందు రాయాలి, 2016 నాటి దాని ప్రమాణపత్రం ఆ వరసనే ఖాయం చేసింది. ఇది అటూ అది ఇటూ అయిందా, మా వాడ ఎండనూ దుమ్మునూ వదిలేసి ఉత్తర ధ్రువం చేరువలో నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలుతుంది. తెల్ల ఎలుగుబంట్లు తిరిగే చోట మా మగ్గాలు! పటాలు కట్టేవాళ్ళలో ఇలాంటి మంచుయాత్ర చేయనివాళ్ళు అరుదు.

ఇంకొకటుంది, దాన్ని పెంకితనమని ముద్దు చేయలేను. వెక్టర్ పటాలు పేర్లను బొమ్మగా తేవు, అక్షరాలను విడివిడిగా తెచ్చి తెర మీద పేరుస్తాయి. ఇంగ్లిషుకు అది చాలు. ‘కొత్తవాడ’లో త కింద ఒత్తుంది. దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియని పటం మీద ఆ ఒత్తు కింది నుంచి జారి పక్కన నిలబడుతుంది, ఊరి పేరు కూడబలుక్కుని చదువుకోవాలి. హన్మకొండకూ అదే గతి, ఓరుగల్లుకూ అదే గతి. మందు లేకపోలేదు. ఆ పేర్లను పటం చేత కాకుండా బ్రౌజర్ చేత రాయించాలి. మామూలు తెలుగు వార్త చదివేటప్పుడు ఒత్తులన్నీ చక్కగానే ఉంటాయి కదా, పిన్ను పక్క పలకనూ అదే పద్ధతిలో కట్టాలి. కాస్త అదనపు పని. నా మట్టుకు నాకు, తెలుగు ఒత్తు నిలవని పటం ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

నీకంటే ముందే మా వాడలకు పటం వచ్చేది, తెలుసా? పద్మశాలీలకు కథ చెప్పడానికి కూనపులి వారు పటం మోసుకుని వచ్చేవారు. చేర్యాల నకాషీ చిత్రకారులు వేసిన పటం. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లా, అప్పుడు మా వరంగల్ జిల్లాయే. నూలుగుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పట్టించి, ఆరాక ఎర్రటి నేల మీద బొమ్మలు దించిన నిలువు చుట్ట అది. కథకుడు పుల్లతో ఒక్కో బొమ్మను చూపుతూ మార్కండేయ పురాణం చెబుతాడు. భావనారుషి తామరతూటి దారంతో దేవతలకు బట్ట నేసిన ఘట్టం వస్తుంది. కథ సాగినకొద్దీ కొత్త గడి విప్పుకుంటుంది, పాతది చుట్టుకుంటుంది. వేలితో తెర జరుపుతుంటే కథ నడిచే పద్ధతి తామే కనిపెట్టామని ఇవాళ పెద్ద పెద్ద పత్రికలు మురిసిపోతుంటాయి. చేర్యాలలో ఈ మాట అనకపోవడం మంచిది, నవ్విపోతారు.

నీ ఇంకొందరు పూర్వీకుల పేర్లూ చెబుతాను, గుర్తుంచుకో. కావలి వెంకట బొర్రయ్య, కావలి వెంకట లక్ష్మయ్య. కాలిన్ మెకంజీ దక్షిణాదిని కొలుస్తూ తిరిగిన రోజుల్లో ఆయన వెంట నడిచిన తెలుగువాళ్ళు. నేల కొలతలు సర్వేయర్లు తీశారు. నేల కథలు ఈ అన్నదమ్ములూ వాళ్ళ మనుషులూ ఊరూరా అడిగి రాయించారు: చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు ఎత్తించారు, ఊరికా పేరెలా వచ్చింది. అవే కైఫియత్తులు. 1803లో బొర్రయ్య చిన్నవయసులోనే పోతే లక్ష్మయ్య ఆ పనిని భుజాన వేసుకున్నాడు. 1815లో మెకంజీ భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో పోయాడు. కొలతలు పటాల కట్టల్లోకి, కైఫియత్తులు రాతప్రతుల కట్టల్లోకి వెళ్ళాయి. ఒకచోట నేల, ఇంకోచోట దాని కథ. పటమా, పిన్నును తాకితే నీలో తెరుచుకునే చిన్న పలక ఉందే, రెండు వందల ఏళ్ళుగా విడిపోయిన ఆ రెండు కట్టలూ మళ్ళీ కలిసేది అక్కడే. నీకు నేను దండం పెట్టేది ఆ పలకను చూసి.

రా మరి, మా కథ చెప్పు.

మొదటి పిన్ను ఎనుమాముల మార్కెట్‌లో గుచ్చు. పత్తి అక్కడికి వస్తుంది. అది నూలై మగ్గం మీదికి చేరేలోపు ఎన్ని చేతులు, ఎన్ని ఊళ్ళు మారుతుందో ఒక్కో గీతగా విప్పు. తర్వాత ఒక్క ఎగురుతో లండన్‌కు తీసుకుపో. హైడ్ పార్క్, గాజుమేడ, 1851, మహా ప్రదర్శన. వరంగల్ తివాచీలు అక్కడ కొలువు తీరాయి. ఓరుగల్లు నుంచి లండన్‌కు తిన్నగా గీత గీసేయకు. విమానం లేదు, సూయజ్ కాలువ 1869 దాకా లేదు. తిన్నని గీత చూడ్డానికి బాగుంటుంది గానీ అబద్ధం చెబుతుంది.

తిరిగి రా. 1934లో ఏడో నిజాం కాలాన వెలసిన ఆజంజాహి మిల్లు దగ్గర ఆగు. సైరన్ మోతతో ఊరు నిద్రలేచిన రోజులవి. ఈ శతాబ్దం మొదట్లో అది మూతపడింది. అక్కడ పాత ఉపగ్రహ చిత్రాన్నీ కొత్తదాన్నీ ఒకదాని మీద ఒకటి వేసి నడుమ నిలువుగీత పెట్టు. చూసేవాళ్ళు ఆ గీతను వేలితో అటూ ఇటూ జరుపుకుంటారు. మాటలు వద్దు, అక్కడ నువ్వు ఊరుకోవడమే మేలు.

ఆపైన పడమటికి గీతలు. షోలాపూర్‌కు ఒకటి, భివండికి ఒకటి, సూరత్‌కు ఒకటి. నేత పనిని వెతుక్కుంటూ మా జిల్లావాళ్ళు పోయిన దారులు. ఆ ఊళ్ళల్లో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. 1869లో ఫ్రాన్స్‌లో చార్ల్స్ మినార్డ్ ఒక పటం గీశాడు. 1812లో నెపోలియన్ రష్యా మీదికి పోయిన దండయాత్ర. వెళ్ళేటప్పుడు 4,22,000 మంది, తిరిగొచ్చేసరికి 10,000 మంది. ఆ లెక్కకు తగ్గట్టు గీత లావు తగ్గుతూ తగ్గుతూ దారమై మిగులుతుంది. మా వలస గీతను నువ్వు అలా గీయాలనుకుంటే ముందు మనుషులను లెక్కపెట్టు. ఊహతో గీతను లావు చేయకు.

చివరి పిన్నుకు కొత్తవాడ లోపలికి రా. 2018లో వరంగల్ దరీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది ఒక్క వాక్యంలో చెప్పెయ్. ఎక్కువసేపు మగ్గం దగ్గర ఉండు. గుంటలో కాళ్ళు, కాళ్ళ కింద తొక్కుడు కర్రలు. వెడల్పు షతరంజీకి ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, ఒకరి చేయి ఆగితే ఇంకొకరి చేయి ఆగాల్సిందే. పోగు దూర్చడం, సర్దడం, పంజా దెబ్బ. దూర్చడం, సర్దడం, దెబ్బ. ఆ చప్పుడును అరనిమిషం రికార్డు చేసి పలకలో పెట్టు. దానంతట అది మోగకూడదు, చూసేవాళ్ళు నొక్కితేనే మోగాలి. బస్సులో కూర్చుని చూసేవాళ్ళూ ఉంటారు కదా.

ఇక నీ అలంకారం సంగతి. నువ్వు వచ్చేటప్పుడు ఒంటినిండా వేసుకొచ్చే హోటళ్ళు, ఏటీఎంలు, పెట్రోలు బంకులు తీసి పక్కన పెట్టు. రోడ్ల పసుపు తుడిచెయ్, బూడిద రంగు చాలు. మిగిలిన జాగాలో రెండే రంగులు, షతరంజీ ఎరుపు, షతరంజీ నీలం. పిన్నులు పది దాటనీయకు. అంతకు మించితే కథ పోయి జాబితా మిగులుతుంది, అలాంటి జాబితాలు ఆఫీసుల్లో బోలెడున్నాయి. ఫొటోలను కుదించు, సిగ్నల్ సరిగా లేని ఫోన్‌లోనూ తెరుచుకోవాలి. కంప్యూటర్ తెర మీద మెరిసి, చేతి ఫోన్‌లో చతికిలబడే పటాలను నేను పటాలనే అనను.

ఒక్కమాట గట్టిగా చెబుతున్నా, విను. ఎవరి గుమ్మం మీదా పిన్ను గుచ్చకు. గల్లీ దాకా రా, అక్కడే నిలబడు. ఇది మగ్గం ఆగిన ఇల్లు, ఇది అప్పులున్న ఇల్లు అని లోకానికి వేలెత్తి చూపే హక్కు నీకు లేదు. పేరైనా, గొంతైనా, ముఖమైనా అడిగి, ఒప్పుకున్నాకే పెట్టు. వద్దంటే తీసెయ్. కాగితం పటానికి లేని సుగుణం నీకుంది, పెట్టినదాన్ని మళ్ళీ తీయగలవు.

అక్కడ బతికేవాళ్ళే గీసుకుంటే ఇంకా మేలు. కెన్యా రాజధాని నైరోబీలో కిబేరా అనే పెద్ద బస్తీ ఉంది. వేలాదిమంది కిక్కిరిసి బతుకుతున్న చోటు పటాల మీద ఖాళీ జాగాగా ఉండేది. 2009 చివర్లో అక్కడి యువతే జీపీఎస్ యంత్రాలు పట్టుకుని సందుసందూ నడిచి, నీటి కుళాయి ఎక్కడ, బడి ఎక్కడ, దవాఖాన ఎక్కడ అని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించారు. వాళ్ళు బయటినుంచి ఎవరో వచ్చి గీస్తారని కూర్చోలేదు.

కొత్తవాడ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక ఈ మాట మీతో. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిస్తే పైన ఎడమవైపు ఎడిట్ బటన్ ఉంటుంది. ఖాతాకు రూపాయి అడగరు. మీ గల్లీ మీద నొక్కి, name:te (నేమ్:టీఈ) అనే ట్యాగులో దాని పేరు తెలుగులో రాయండి. రాసేముందు ఇంట్లో తాతనో నాయనమ్మనో అడగండి. ఆ గల్లీని వాళ్ళ చిన్నప్పుడు ఏమని పిలిచేవారో, ఎవరి మగ్గం ఎక్కడ ఉండేదో వాళ్ళకే తెలుసు. అడిగే పని ఈ ఆదివారమే పెట్టుకోండి.